పైన కాంప్లెక్స్, కింద పైపులైను

'కల్కి 2898 ఏడీ' 2024 జూన్ 27న విడుదలైంది. అందులో హీరో ప్రభాస్ కుటుంబానిది మొగల్తూరు. అందుకే భీమవరం, నరసాపురం వైపు ఆ రోజు ఇంటి పండగలాగే గడిచింది. సరిగ్గా పదేళ్ల కిందట, 2014 జూన్ 27 తెల్లవారుజామున, గోదావరికి ఇవతల కోనసీమలోని నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలింది. తాటిపాక నుంచి కొండపల్లి విద్యుత్ కేంద్రానికి గ్యాస్ మోసుకెళ్లే గొట్టం అది. లీకైన గ్యాస్ ఇళ్ల మధ్య, కొబ్బరి తోటల మధ్య పరుచుకుని ఉండగా నిప్పంటుకుంది. ఇరవై మందికి పైగా చనిపోయారు. నిద్రలేచి పొయ్యి వెలిగించుకునే వేళ అది.

తేదీలు కలవడం కాకతాళీయమే. కానీ ఆ సినిమా కథకూ, ఆ ఊరి కథకూ చుట్టరికం ఉంది. కల్కిలో గంగ ఎండిపోయింది, కాశీ ఒక్కటే మిగిలిన నగరం. దాని నెత్తిన తలకిందులైన పిరమిడ్ లాంటి కాంప్లెక్స్ వేలాడుతూ ఉంటుంది. నీళ్లు, పచ్చదనం, పశువులు అన్నీ దాని లోపలే. కింద దుమ్ము. నేల కడుపులోంచి తీసినది ఎవరి ఇంటికి పోతోందన్న ప్రశ్న కోనసీమ వాళ్లకు కొత్తది కాదు. 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్జీసీ బావి బ్లోఅవుట్ అయ్యి 65 రోజులు మండింది. ఊళ్లు ఖాళీ చేయించారు. మంటల వెలుగులో రాత్రికి, పగటికి తేడా లేకుండా పోయింది. ఆర్పడానికి విదేశీ నిపుణులు రావాల్సి వచ్చింది. తర్వాత సముద్రంలో గ్యాస్ దొరికింది. 2009లో కాకినాడ దగ్గర గాడిమొగలో ఒడ్డుకు చేరిన ఆ గ్యాస్, గుజరాత్‌లోని భరూచ్ దాకా సుమారు 1,400 కిలోమీటర్ల గొట్టంలో ప్రయాణం కట్టింది. మన గ్యాస్‌లో మన వాటా ఎంత అన్న మాట అప్పటినుంచీ గోదావరి జిల్లాల రాజకీయ సభల్లో వినిపిస్తూనే ఉంది. ఆ మాట విని పెరిగినవాడికి కాంప్లెక్స్ ఏమిటో ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

సైన్స్ ఫిక్షన్ సినిమాలో రాజకీయం ఉండడం ప్రపంచమంతటా ఉన్నదే. 1954 మార్చిలో అమెరికా హైడ్రోజన్ బాంబు పరీక్ష బూడిద జపాన్ చేపల పడవ మీద పడింది. అదే ఏడాది నవంబరులో గాడ్జిల్లా తెరమీదికి వచ్చింది. 1927 నాటి జర్మన్ 'మెట్రోపోలిస్'లో యజమానులు పైన, కూలీలు భూమి కింద. తెరమీది రాజకీయం తిరిగి వీధిలోకి రావడమూ ఉంది: 2014లో థాయిలాండ్‌లో సైన్యం అధికారం లాక్కున్నప్పుడు జనం 'హంగర్ గేమ్స్' సినిమాలోని మూడువేళ్ల వందనం చేస్తూ రోడ్డెక్కారు.

తెలుగులో ఈ పని చేసే పద్ధతి వేరు. అది యంత్రాన్ని తెచ్చి పురాణంలోనో చరిత్రలోనో కూర్చోబెడుతుంది. దీని మూలం 1957 నాటి 'మాయాబజార్'లో ఉందని నా నమ్మకం. అందులో ప్రియదర్శిని పెట్టె తెరిచినవాళ్లకు తమకు అన్నిటికన్నా ప్రియమైనది కనిపిస్తుంది. బలరాముడు తెరిస్తే దుర్యోధనుడు, రేవతికి నగలు, శశిరేఖకు అభిమన్యుడు. మనం ఆ సన్నివేశాన్ని నవ్వుకుంటూ చూస్తాం. కానీ దర్శకుడు కె.వి. రెడ్డి అక్కడ అరనిమిషంలో ఒక రాజకుటుంబం రాజకీయమంతా బయటపెట్టాడు. తండ్రి ఎవరి పక్షమో, తల్లి దేనికి లొంగుతుందో, రాజ్యం పోయిన పాండవుల ఇంటికి పిల్లనివ్వడం ఎందుకు ఆగిపోతుందో ఆ ఒక్క పెట్టె చెప్పేసింది. పాత్రల చేత ఒక్క ఉపన్యాసం ఇప్పించలేదు. యంత్రం ఏం చేయగలదన్నది చిన్న సంగతి, దాని ముందు నిలబడ్డ మనిషి ఎవరి వైపన్నది అసలు సంగతి. ఈ పద్ధతి బలమంతా అక్కడే ఉంది.

ఆ సినిమాకు కె.వి. రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసిన యువకుడు సింగీతం శ్రీనివాసరావు. 1991లో 'ఆదిత్య 369' తీసింది ఆయనే. ముప్ఫై ఏళ్ల తర్వాత 'కల్కి'కి దర్శకుడు నాగ్ అశ్విన్ వెనుక మార్గదర్శకుడిగా నిలిచిందీ ఆయనే. పెట్టె, కాలయంత్రం, కాంప్లెక్స్: ఈ మూడూ ఒకే చేతి మీదుగా నడిచిన పరంపర.

'ఆదిత్య 369' దగ్గర కాస్త ఆగాలి. ఆ చిత్రానికి మాటలు రాసింది నరసాపురం మనిషి జంధ్యాల. సినిమా 1991 జూలై 18న వచ్చింది. ఆరు రోజులకు మన్మోహన్ సింగ్ దేశం తలుపులు తెరిచే బడ్జెట్ పెట్టారు. ఆ ఏడాది మొదట్లోనే గల్ఫ్ యుద్ధం అయింది, చెర్నోబిల్ భయం ఇంకా పచ్చిగా ఉంది, డిసెంబరుకల్లా సోవియట్ యూనియన్ లేకుండా పోయింది. ఆ గడియలో ఒక తెలుగు సినిమా మనిషిని మొదట 1526లో రాయల కొలువుకు, ఆ తర్వాత 2504కు పంపింది. రెండు రాజ్యాల్ని పక్కపక్కన పెట్టి చూపడం దాని ఎత్తుగడ. మొదటిచోట కవులు, నాట్యం, రాజు ముందు నిలబడి మాట్లాడే వీలు. రెండోచోట ప్రపంచ యుద్ధపు రేడియేషన్‌కు జడిసి భూగర్భంలో బతికే జనం. సుత్తివేలు వేసిన పోలీసు పాత్ర కూడా నాయకానాయికలతో రాయల కాలానికి పోతుంది. లాఠీతో జనాన్ని అదిలించే ఈ కాలపు పోలీసు అక్కడ భటుల ముందు బిక్కమొహం వేస్తాడు. హాలంతా నవ్వుతుంది. అధికారం ఒంటిమీది దుస్తుల్లో ఉందా, వెనకున్న రాజ్యంలో ఉందా అన్న ప్రశ్న ఆ నవ్వులోంచే లేస్తుంది.

ఆ సినిమాకు ప్రేరణ వెల్స్ 1895లో రాసిన 'టైమ్ మెషీన్' నవల. అందులో శ్రామికుల వారసులు మాత్రమే భూమి కిందికి దిగిపోతారు, సుఖపడేవాళ్లు పైన ఉంటారు. మన సినిమాలో అందరూ కిందికే దిగుతారు. వర్గం మాట జారిపోయిందని నేను బాధపడేవాణ్ని, దాని బదులు సింగీతం దొంగను పెట్టకపోయి ఉంటే. సాలార్‌జంగ్ మ్యూజియంలోని రాయల నాటి వజ్రాన్ని ఎత్తుకుపోయే రాజావర్మ పైకి మర్యాదస్తుడు, కళాభిమాని. అందరికీ చెందిన వారసత్వం ఒక పెద్దమనిషి సొంత గదిలోకి ఎలా చేరుతుందో ఆ పాత్ర చూపుతుంది. ఇది ఊహ కాదు. కోహినూరు 1849లో లాహోర్ ఒప్పందంతో విక్టోరియా చేతికి పోయింది. అది దొరికిందని చెప్పుకునే కొల్లూరు గనులు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉన్నాయి. నిజాం నగలను బయటికి పోనివ్వకుండా భారత ప్రభుత్వం 1995లో 218 కోట్లు కట్టి కొనుక్కోవాల్సి వచ్చింది.

ఈ దారిలో చిన్నాచితకా ప్రయత్నాలు ఇంకా ఉన్నాయి. పాలకొల్లు నుంచి వచ్చిన ప్రశాంత్ వర్మ 2021లో 'జాంబీ రెడ్డి' తీసి కరోనా కాలపు భయాన్ని సీమ ఫ్యాక్షన్ కత్తుల మధ్యకు తెచ్చాడు. అదే ఏడాది వచ్చిన 'స్కైలాబ్' 1979 జూలై నాటి సంగతి. ఆకాశంలోంచి అమెరికా వాళ్ల ప్రయోగశాల ఊడిపడుతుందని తెలుగు పల్లెలు హడలిపోయిన రోజులవి. ఎలాగూ పోతామని కోళ్లు, మేకలు కోసుకు తిన్న కథలు మన పెద్దలు ఇప్పటికీ చెబుతారు. ఎక్కడో పెద్ద రాజ్యం చేసిన పనికి ఇక్కడ పేదవాడు భయపడాల్సి రావడం, రాజకీయమంటే అంతకన్నా ఏముంది.

మళ్లీ కల్కికి వస్తాను. అందులో నాకు బాగా పట్టింది యుద్ధాలు కావు, కథానాయకుడు భైరవ కోరిక. అతను కాంప్లెక్స్‌ను కూల్చాలనుకోడు. మిలియన్ యూనిట్లు పోగేసి అందులోకి వెళ్లిపోవాలనుకుంటాడు. గోదావరి జిల్లాల్లో ఈ లెక్క తెలియని వీధి లేదు. కువైట్‌కో మస్కట్‌కో ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లు ఏజెంటుకు కట్టే డబ్బు, అమెరికా చదువుకు పొలం తాకట్టు పెట్టి తెచ్చే అప్పు, ఇవన్నీ ఆ యూనిట్లే. ఇక కాంప్లెక్స్ ప్రయోగశాలలో గర్భిణులకు పేర్లుండవు, సమ్-80 లాంటి నంబర్లుంటాయి. కడుపులోని బిడ్డ నుంచి సారం లాగి పైవాడి ఆయుష్షు పెంచుతారు. డబ్బుకు గర్భం అద్దెకిచ్చే వ్యాపారాన్ని మన దేశం 2021లో చట్టం చేసి ఆపింది. ఆ సంగతి తెలిసి చూస్తే ఆ సన్నివేశాలు ఒళ్లు జలదరింపజేస్తాయి.

అయితే ఈ సంప్రదాయానికి ఒక పెద్ద లోటుంది. 2504లో ఓటు లేదు, 2898లో పంచాయతీ లేదు. దోచేవాణ్ని ఇంత సూటిగా చూపిన సినిమా, ఎవరు నిర్ణయించాలి అనేసరికి మంచి రాజునో రాబోయే అవతారాన్నో చూపించి ఊరుకుంటుంది. పురాణపు మూస ఇచ్చిన సౌకర్యానికి ఇది మూల్యం. డెల్టా బతుకు అలా నడవలేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ నేలంతా ఒక పెద్ద యంత్రమే: లాకులు, తూములు, కాలువలు, మురుగు కోడులు. ఆ ఆనకట్ట కట్టించిన కాటన్ దొర విగ్రహానికి ఇప్పటికీ దండలు వేస్తారు. కానీ ఎగువ రైతు తడుపుకున్నాక శివారు పొలానికి నీళ్లు ఎప్పుడు అందాలన్నది దండలతో తేలదు. వంతుల కోసం తగాదాలు పడ్డారు, గట్ల మీద కాపలా కాశారు. 1997లో చట్టం వచ్చాక ఓట్లు వేసి నీటి సంఘాలను ఎన్నుకున్నారు. ఆ ఎన్నికలు ప్రతిసారీ సకాలంలో జరగలేదు, జరిగినప్పుడూ పార్టీలు దూరాయి. అయినా కాలువ మీద ఆయకట్టు రైతుకు ఓటుందన్న మాట చట్టంలో పడింది.

2011లో కోనసీమ రైతులు ఇంకో అడుగు వేశారు. ధర గిట్టక, కూలి ఖర్చులు భరించలేక, మురుగు దిగక సార్వా ఊడ్పులు మానేసి పంట విరామం ప్రకటించారు. కాలువలో నీళ్లున్నాయి, నారు వేసే అదను ఉంది, అయినా చేలు బీడు పెట్టారు. అన్నపూర్ణ అని పిలిపించుకున్న నేల పండించనని చెప్పింది. కాంప్లెక్స్‌కు కింది నుంచి రావాల్సినది ఆగిపోతే ఏమవుతుందో చూపే సినిమాకు ఇంతకన్నా కథ ఏం కావాలి? అందులో అవతార పురుషుడు అక్కర్లేదు. ఊడ్పులు ఆపుదామా వద్దా అని రాత్రి గుడి అరుగు మీద కూర్చుని వాదించుకునే పదిమంది, ఆ వాదనలో కౌలు రైతుకు, ఊడ్పు కూలికి మాట దక్కుతుందా లేదా అన్న తగువు, పైనున్న వాళ్ల గిడ్డంగుల్లో రోజురోజుకూ తగ్గుతున్న బస్తాల లెక్క చాలు. రాజోలులోనో పాలకొల్లులోనో సినిమా కథలు రాసుకుంటున్న కుర్రవాడు ఎవరైనా ఈ కథ ఎత్తుకుంటే మొదటి ఆటకు టికెట్టు కొనేవాళ్లలో నేనుంటాను.