గోడ పగలక ముందే రాసే వాక్యం

1994 జనవరి నార్త్‌రిడ్జ్ భూకంపం తర్వాత కాలిఫోర్నియాలో బీమా కంపెనీలు ఇళ్ల పాలసీలు అమ్మడానికే జంకాయి. అందుకే 1996లో ఆ రాష్ట్రం భూకంప బీమాకు ప్రత్యేకంగా ‘కాలిఫోర్నియా ఎర్త్‌క్వేక్ అథారిటీ’ని పెట్టింది. అలాంటి సంస్థలో పాలసీ వాక్యాల్ని ముందే సరిచూసే న్యాయవిభాగం పెద్ద చేసే పని ఎవరి కంటా పడదు. కోర్టులో వాదించే లాయరుకున్న పేరు వీళ్లకు రాదు. నాకైతే ఈ పనంటేనే ముచ్చటేస్తుంది.

ఉదాహరణకు, పెద్ద భూకంపం వెనకే చిన్న ప్రకంపనలు వస్తూనే ఉంటాయి. వచ్చిన ప్రతిసారీ ఇంటివాళ్లు తమ వాటా నష్టాన్ని మళ్లీ భరించాలా? అక్కర్లేదు, 360 గంటల్లోపు వచ్చినవన్నీ ఒకే సంఘటన అంటుంది ఆ సంస్థ పాలసీ. ఎన్ని తగవుల్ని పుట్టకుండా ఆపిందో ఆ ఒక్క వాక్యం!

ఇప్పుడు డ్రోన్ ఫొటోలు, నష్టాన్ని అంచనా కట్టే కృత్రిమ మేధ వచ్చాయి. మంచి న్యాయవిభాగం పెద్ద వాటిని వద్దనరు, అలాగని మురిసిపోరు కూడా. ఫొటోలో పక్కింటి పెరడు పడితే జవాబుదారీ ఎవరని ఒప్పందంపై సంతకానికి ముందే అడుగుతారు. క్లెయిమ్‌ను తిరస్కరిస్తే కారణం రాసివ్వాలన్నది అక్కడి నిబంధన. ‘కంప్యూటర్ కాదంది’ అంటే చెల్లదు. నష్టం అంకె ఎలా వచ్చిందో పాలసీదారుకు అర్థమయ్యేలా ఉత్తరం రాయలేకపోతే, సాఫ్ట్‌వేర్ ఎంత చురుకైనదైనా ఫైలు వెనక్కి పోవాల్సిందే.