రిపోర్టు కొట్టిందెవరు?

మా మేనల్లుడు కొన్నాళ్లుగా ఒంటరిగా ఆడుతున్నాడు. స్నేహితులు పిలుస్తారు, వీడు చేరబోతాడు, గేమ్ ఒప్పుకోదు. దాని పేరెందుకులెండి, నలుగురు జట్టు కట్టి ఆడే తుపాకీ గేముల్లో అదొకటి. మ్యాచ్ సగంలో వదిలేసి పోతున్నాడని వాడి మంచితనం మార్కులు కోసేసింది. వాడుండేది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో. గాలి గట్టిగా వీస్తే కరెంటు పోతుంది, కాసేపటికి టవరూ పోతుంది. "నానేటి ఆట ఒగ్గేసి ఎల్లిపోనానా మావయ్యా? నెట్టు ఎల్లిపోనాది. ఎందుకు పోనావని ఓపాలి అడగాల కదేటి!" అన్నాడు ఫోన్లో.

అడగదు. ఈ వారం నా గొడవ అదే.

వాడి బాధ ఆట గురించే అయితే నవ్వి ఊరుకునేవాణ్ని. వాడి జట్టులో ఒకడు హైదరాబాద్‌లో, ఇంకొకడు చెన్నైలో, మూడోవాడు విశాఖలో పని చేసుకుంటున్నారు. పదో తరగతి దాకా ఒకే బెంచీ. మా జిల్లాల్లో చదువయ్యాక ఊళ్లో మిగిలే కుర్రాళ్లు తక్కువ. రాత్రి భోజనాలయ్యాక మైకు ఆన్ చేసుకుని కలుసుకోవడమే వాళ్లకి మిగిలిన రచ్చబండ. ఎవరి మేనేజరు ఏమన్నాడో, ఎవరి చెల్లికి సంబంధం ఎక్కడ కుదిరిందో చెప్పుకుంటూ, మధ్యలో ఎవడో కాల్చేస్తే ఓ తిట్టు తిట్టి, మళ్లీ మొదటికి. మార్కులు తగ్గాయంటే ఆ కబుర్లు బంద్.

నేనూ ఆడతాను. తల నెరుస్తున్నవాడికి ఈ గేములేమిటని ఇంట్లో అనేవాళ్లు అంటూనే ఉంటారు. ఆడటం కంటే, ఆట అయ్యాక వచ్చే ఆ ఒక్క తెర మీదే నాకు ఎక్కువ ఆసక్తి. నాలుగు పేర్లు, పక్కన లైకు గుర్తు, ఇంకో మూల చిన్నగా రిపోర్టు. నొక్కితే కారణాల జాబితా తెరుచుకుంటుంది: మోసం, బూతులు, సొంత జట్టువాణ్ని కొట్టడం, ఆడకుండా కూర్చోవడం. ఒకటి ఎంచుకుంటే పనైపోతుంది. సాక్ష్యం అడగరు, సంతకం అక్కర్లేదు. ఓడిన మ్యాచ్ తర్వాత వేలు తనంతట తానే ఆ మూలకి పోతుంది. గెలిచిన రోజు అదే మనిషి అంతే చెత్తగా ఆడినా ఎవరికీ గుర్తుండడు. అంటే ఆ మార్కుల్లో సగం మనిషి ప్రవర్తనవి, మిగతా సగం పక్కవాళ్ల కోపానివి. పైగా మనవాళ్లు మైకులో తెలుగు మాట్లాడితే అవతల ఉత్తరాదివాడికి అది సమాచారమో తిట్టో తెలియదు. మా శ్రీకాకుళం యాస వింటే తోటి తెలుగువాళ్లే సినిమా కామెడీ అనుకుంటారు, ఇక వాళ్లనేమంటాం!

మార్కులు వేసే పద్ధతి ఒక్కో గేములో ఒక్కోలా ఉంటుంది. పబ్జీ మొబైల్‌లో మెరిట్ అని 100 ఇస్తారు. 60 కిందకు దిగితే జట్టులో చేరనివ్వరు, ఒంటరిగా ఆడి మళ్లీ పోగేసుకోవాలి. డోటా 2లో ప్రవర్తనకు వేలల్లో స్కోరు, 2023 నుంచి మాట తీరుకు వేరే స్కోరు. కౌంటర్ స్ట్రైక్ వాళ్లు 2017లో ట్రస్ట్ ఫ్యాక్టర్ అని తెచ్చారు. అందులో నీ అంకె నీకు చూపించరు, దేన్నిబట్టి వేస్తారో చెప్పరు. చెబితే మోసగాళ్లు దాన్ని బట్టే నాటకమాడతారని వాళ్ల వాదన. అది ఉత్త మాట కాదు. గోడ అవతల నుంచి తలకి గురిపెట్టే హ్యాకరు చేతిలో చచ్చినవాడెవడూ ఈ కట్టుబాట్లు వద్దనడు. నేనూ అనను. చిక్కు శిక్షలో లేదు, విచారణ లేకపోవడంలో ఉంది.

(అన్నట్టు, గేముకే మెరిట్ పడిపోయిన సందర్భమూ చూశాం. 2020 సెప్టెంబరు 2న పబ్జీని కేంద్రం నిషేధించింది. 2021 జులైలో అది బీజీఎంఐగా పేరు మార్చుకుని వచ్చింది. ఏడాది తిరగ్గానే మళ్లీ మాయమైంది, 2023 మేలో మూడు నెలల పరీక్ష మీద తిరిగొచ్చింది. కంపెనీకి కనీసం ఆ పరీక్షయినా దక్కింది.)

విచారణ అంటే విజయనగరంవాడికి విజ్జీ గుర్తుకు రావాలి. ఊళ్లో ఆయన పేరుతో స్టేడియం ఉంది, పిల్లలు అక్కడ రోజూ ఆడుతూనే ఉంటారు. పూసపాటివారి బిడ్డ, విజయానంద గజపతిరాజు, 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత క్రికెట్ జట్టుకి కెప్టెన్. ఆడిన మూడు టెస్టుల్లో చేసిన పరుగులు 33. ఆ పదవి పలుకుబడితో వచ్చిందని అప్పుడే అందరికీ తెలుసు. జట్టులో లాలా అమర్‌నాథ్ ఉన్నాడు, 1933లో బొంబాయిలో భారత్ తరఫున తొలి టెస్టు సెంచరీ కొట్టినవాడు. లార్డ్స్‌లో ఓ మ్యాచ్‌లో ప్యాడ్లు కట్టించి కూర్చోబెట్టి, ఒకరి తర్వాత ఒకరిని ముందు పంపించి, పొద్దు వాలేవేళకి దింపారు. తిరిగొచ్చి డ్రెస్సింగ్ రూములో ప్యాడ్లు విసిరేసి పంజాబీలో నాలుగు మాటలన్నాడు. తొలి టెస్టు మొదలవక ముందే అతన్ని ఓడెక్కించి ఇంటికి పంపేశారు. సీనియర్లు బతిమాలినా కెప్టెనూ మేనేజరూ వినలేదు. ఈనాటి భాషలో రిపోర్టు, బ్యాన్ రెండూ ఒకే చేతి మీదుగా జరిగాయి.

అదే టూర్‌లో ఇంకో కథ కూడా చెప్పుకుంటారు. విజయ్ మర్చంట్‌ను రనౌట్ చేయిస్తే బంగారు గడియారం ఇస్తానని విజ్జీ ముస్తాక్ అలీకి ఆశ చూపాడట. ముస్తాక్ ఆ సంగతి నేరుగా మర్చంట్‌కే చెప్పేశాడట. గేము భాషలో ఇది టీమ్‌కిల్‌కి, అంటే సొంత జట్టువాణ్ని కొట్టడానికి, సుపారీ. కథ ఎలా ఉన్నా స్కోరుబోర్డు అయితే ఉంది: మాంచెస్టర్‌లో ఇద్దరూ తొలి వికెట్‌కి 203 పరుగులు జోడించారు, ఇద్దరూ సెంచరీలు కొట్టారు.

అయితే ఆ రోజుల్లో బ్యాన్ తర్వాత ఒకటి జరిగింది. బొంబాయి ప్రధాన న్యాయమూర్తి బోమాంట్ అధ్యక్షతన కమిటీ వేశారు. 1937 జనవరిలో నివేదిక వచ్చింది. విజ్జీకి ఫీల్డింగ్ పెట్టడం, బౌలర్లను మార్చడం తెలియదని, బ్యాటింగ్ ఆర్డరుకి ఓ వరస లేదని రాశారు. అమర్‌నాథ్ మీద ఆరోపణలు కొట్టేశారు. రిపోర్టు కొట్టినవాడి యోగ్యతను కూడా తూచారు, గమనించండి. ఏ గేము కంపెనీ ఆ పని ఆటగాడికి కనిపించేలా చేస్తుంది? రోజుకి పదిమందిని రిపోర్టు కొట్టేవాడి మాటకీ, ఏడాదికోసారి కొట్టేవాడి మాటకీ బరువు ఒకటేనా అన్నది ఆటగాడికి ఎప్పటికీ తెలియదు. విచారణ జరిగినా అమర్‌నాథ్‌కి పోయిన మూడు టెస్టులు తిరిగి రాలేదు. తర్వాత యుద్ధం వచ్చిపడింది, మళ్లీ టెస్టు ఆడేసరికి 1946.

విజ్జీ పుట్టిన విజయనగరం జిల్లాలోనే ఇందుకు పూర్తిగా తిరగబడ్డ కథ ఉంది. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ, బరువులెత్తేవాళ్ల ఊరు. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో కాంస్యం గెలిచింది. వెయిట్‌లిఫ్టింగ్‌లో తీర్పంతా కళ్లముందే జరుగుతుంది. ముగ్గురు రెఫరీలు, తెల్ల దీపం, ఎర్ర దీపం, ఇద్దరు ఏదంటే అది. లక్షమంది కేకలేసినా దీపం రంగు మారదు. ఆ పోటీలో స్వర్ణం గెలిచిన నైజీరియా అమ్మాయి చికా అమలాహా డోప్ పరీక్షలో దొరికింది. పదహారేళ్ల పిల్ల. అయినా వెంటనే పతకం లాక్కోలేదు, లండన్‌లో రెండో శాంపిల్ తెరిచి చూసి, అదీ తేడా అని తేలాకే తీసుకున్నారు. సంతోషి కాంస్యం రజతమైంది. ఓడినవాళ్లకి ఏ మందు, ఏ ల్యాబు, ఏ నియమమో అన్నీ తెలుసు. కొండవెలగాడలోనూ తెలుసు.

గేములవాళ్లకి ఇలా బాహాటంగా తీర్పు చెప్పడం చేతకాదా అంటే, చేసినవాళ్లున్నారు. లీగ్ ఆఫ్ లెజెండ్స్ 2011లో ట్రిబ్యునల్ పెట్టింది. ఫిర్యాదు వచ్చిన ఆటగాడి చాటింగంతా తోటి ఆటగాళ్ల ముందు పెట్టి, శిక్షించాలా వదిలేయాలా అని ఓట్లడిగేవారు. మొదట్లో మెజారిటీతో కలిసి ఓటేసినవాళ్లకి గేము పాయింట్లు ఇచ్చారు. దాంతో చదవకుండానే శిక్ష నొక్కేసేవాళ్లు తయారవుతారన్న భయం మొదలైంది. 2014కల్లా దాన్ని ఆపేశారు. పనికొచ్చిన ముక్క ఒకటి మిగిలింది: బ్యాన్ అయినవాడికి వాడన్న మాటలే చూపించి, ఇందుకు నీకు శిక్ష అని చెబితే మారేవాళ్లు పెరిగారని ఆ కంపెనీయే చెప్పుకుంది. కారణం చెప్పకపోతే మనిషి మారడు, కసి పెంచుకుంటాడు. ఇందుకు పెద్ద పరిశోధన అక్కర్లేదనుకోండి, ఏ హైస్కూలు మాస్టారిని అడిగినా చెబుతాడు.

లైకుల సంగతి మరో తమాషా. "నువ్వు నాకు కొట్టు, నేను నీకు కొడతాను" అని మ్యాచ్ మొదలవకముందే బేరాలు. శిక్షలదీ అంతే: శిక్షపడిన హ్యాకరు పదినిమిషాల్లో కొత్త ఐడీతో వచ్చేస్తాడు. వాడికి పోయేదేముంది? పాత ఐడీలో ర్యాంకు, కొనుక్కున్న డ్రెస్సులు, తుపాకీ రంగులు ఉన్నవాడే ఇరుక్కుంటాడు. కొత్త ఐడీ తెరవరా అంటే మావాడు ససేమిరా అన్నాడు, ట్యూషన్ చెప్పిన డబ్బులు పెట్టాడు మరి.

అప్పీలు పెట్టించాను. కరెంటు కోత సంగతి వివరంగా రాశాం. జవాబు మర్నాడే వచ్చింది, రికార్డు పరిశీలించాం, నిర్ణయంలో మార్పు లేదని. ఏ రికార్డో లేదు, చూసింది మనిషో యంత్రమో లేదు. ఇప్పుడు వాడు మబ్బు పడితే మ్యాచ్ మొదలెట్టడం లేదు. అవతల ముగ్గురూ ఆగలేక నాలుగో స్థానంలోకి ఎవరినో తెలియనివాణ్ని తెచ్చుకున్నారు. అతగాడు నోరు తెరిస్తే బూతులేనట. మార్కులు మాత్రం నూటికి నూరు.