కలవారి భయము, గుమాస్తా ముద్ర

లేమియే నేరమునకు మూలమను మాట మనవారిలో తరచుగా వినబడుచుండును. మేము గుమాస్తాగా పనిచేసిన కాలమున మా బల్ల మీదికి వచ్చిన దొంగ కాగితములలో పెక్కు కలవారివే. కడుపు నిండినవాడు ఎందుకు తప్పుదారి త్రొక్కును? మన నాటకములు దీనికి చెప్పిన సమాధానము ఒక్కటే: ధనాశ. గురజాడవారి కన్యాశుల్కములోని లుబ్ధావధాన్లు, కాళ్లకూరి నారాయణరావుగారి వరవిక్రయములోని సింగరాజు లింగరాజు మనలను కడుపుబ్బ నవ్వించిరి. ఆ నాటకముల ఘనతను తక్కువ చేయుట మా ఉద్దేశము కాదు. అయినను, నవ్వి నవ్వి లేచిన ప్రేక్షకుడు "నేను అట్టి పిసినివాడను కానుగదా" అని నిశ్చింతగా ఇంటికి పోవును. కలవారి ఆశను చూపిన మన రంగస్థలము వారి భయమును అంతగా చూపలేదని మా విమర్శ.

ఆ భయమెట్టిదో మన బీదరు చరిత్రయే చెప్పగలదు. మహమూద్ గవాను పేరు ఈ ఊర ఎరుగనివారు లేరు. గీలాను నుండి వర్తకమునకై వచ్చి బహమనీ రాజ్యమునకు ప్రధానియై, 1472లో మదరసా కట్టించిన ఆ పెద్దను, 1481 ఏప్రిల్‌లో సుల్తాను మూడవ మహమ్మదు కొండపల్లి విడిదిలో చంపించెను. బీదరు మంత్రి నెత్తురు చిందినది మన తెలుగుగడ్డ మీదనే. ఈ కథను మనము చెప్పుకొనునపుడు ఒక పుణ్యాత్ముడు, కొందరు దుర్మార్గులు, ఒక త్రాగుబోతు రాజు ఉందురు. ఆ దుర్మార్గులకు ఏమి కొదువయో అడిగినవారిని మేము చూడలేదు.

వారు రాష్ట్రములను ఏలిన ప్రభువులు. గవాను నాలుగు తరఫులను ఎనిమిది చేసెను. ఒక్కొక్క తరఫుదారునికి ఒక్క కోటనే విడిచి, తక్కినవి సుల్తానుకు అధీనము చేసెను. పట్టీలో పేరుండి కవాతునకు రాని సైనికుల జీతములకు కోత పెట్టెను. తెలంగాణమంతయు ఏలిన మాలిక్ హసన్‌కు రాజమహేంద్రవరము మాత్రమే మిగిలెను. ఓరుగల్లు వేరొకరి పాలయ్యెను. ఇంతమాత్రమున ఆయన పేదవాడయ్యెనా? కాలేదు. కాని నిన్నటి కంటె నేడు తగ్గెను. తన నీడన బ్రతుకు బంట్లకు ఏమి చెప్పవలెను, దర్బారులో ఏ ముఖముతో నిలువవలెను? ఆయన పక్షము వారు గవాను ముద్రాధికారిని మచ్చిక చేసికొని, ఖాళీ కాగితము మీద ముద్ర వేయించిరి. గజపతిని దండెత్తి రమ్మని గవాను పిలిచినట్లు దాని మీద వ్రాసిరి. తల తెగిన పిదప గవాను ధనమును వెదకగా కోశాధికారి చూపినది స్వల్పమేనని ఫెరిష్తా వ్రాసియున్నాడు.

ఐదువందల ఏండ్లు గడచిన తరువాత ఇట్టి కథయే హైదరాబాదులో జరిగినది. 1987లో సత్యం కంప్యూటర్సును స్థాపించిన రామలింగరాజుగారు 2009 జనవరి 7న తామే లేఖ వ్రాసి, లెక్కలలో చూపిన సొమ్ములో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవని ఒప్పుకొనిరి. ఆ లేఖ ప్రకారము ఒక్క త్రైమాసికమున 61 కోట్ల లాభము 649 కోట్లుగా చూపబడినది. అందులో మమ్ము నిలిపివేసినది అంకె కాదు, ఆయన చెప్పిన కారణము. స్థాపకుల వాటా స్వల్పము. ఫలితములు తగ్గినచో సంస్థను ఇతరులు చేజిక్కించుకొందురు, అప్పుడు లోటు బయటపడును. దిగుటెట్లో తెలియని పులిస్వారీతో తన స్థితిని ఆయనయే పోల్చుకొనెను. అంతకు మున్ను 2008 డిసెంబరులో తన కుటుంబపు మేటాస్ సంస్థలను కొనిపించి ఆ లోటు పూడ్చజూచెను, వాటాదారులు ఒప్పుకొనలేదు. (సత్యం అను పేరును ఇంగ్లీషు అక్షరములలో వెనుకనుండి చదివినచో మేటాస్ అగును. ఏ నాటకకర్తయు ఇంతటి పేరు పెట్టుటకు సాహసింపడు.) 2015 ఏప్రిల్ 9న న్యాయస్థానము పదిమందిని దోషులుగా తేల్చి, ఆయనకు ఏడేండ్ల శిక్ష విధించెను. మే నెలలో అప్పీలు విన్న కోర్టు ఆ శిక్షను నిలిపి బెయిలు ఇచ్చెను.

ఆ పదిమందిలో లెక్కల విభాగమున పనిచేసినవారును ఉండిరి. బీదరులో ముద్ర వేసినవాడొకడు, హైదరాబాదులో అంకె వ్రాసినవారు కొందరు. ప్రభువు భయము కాగితముగా మారవలెనన్నచో మావంటివాని చేయి కావలెను.

మేము ఉద్యోగములో ఉన్నపుడు ఒక పెద్ద రైతు సాయంకాలము మా ఇంటికి వచ్చెను. మన తెలుగువారే, మర్యాదస్థులు. రెండేండ్లు పంట పోయినది. కుమార్తె పెండ్లి దగ్గరపడినది. అంతకు ముందే వారి తోడల్లుడు తన ఇంటి పెండ్లికి వేయిమందికి విస్తళ్లు వేసెను. పొలము తాకట్టు పెట్టుటకు పాత తేదీతో ఒక కాగితము మీద ముద్ర కావలెననిరి. మాట్లాడునపుడు ఆయన చేతులు వణకుచుండెను. అంత ఆస్తి గలవారి చేతులు వణకుట మేము అంతకు ముందు చూడలేదు. "మీది తప్పు" అని చెప్పుటకు మాకు నోరు రాలేదు. స్టాంపు ప్యాడు ఆరిపోయినది, రేపు రండని చెప్పితిమి. మరునాడు ఆయన వేరొక బల్లకు పోయెను.

పెండ్లి ఘనముగా జరిగినది. మాకును శుభలేఖ వచ్చినది. సకుటుంబముగా పోయి, రెండవ పంక్తిలో కూర్చుండి భోజనము చేసి వచ్చితిమి.