‘భిక్షువర్షీయసి’ – నామవిచారము

శ్రీశ్రీ ‘మహాప్రస్థాన’ (1950) సంపుటిలోని ‘భిక్షువర్షీయసి’ ఖండికను బలువురు కరుణరసమునకు మాత్రమే యుదాహరింతురు. నామమునందే యధికార్థము కలదు.

వృద్ధశబ్దమునకు ఈయసున్ ప్రత్యయము పరమగునపుడు ‘వర్షి’ యాదేశమై, స్త్రీత్వమున ‘వర్షీయసి’ యగును. ఇద్దఱిలో నొకరి యాధిక్యము దెలుపుట యా ప్రత్యయమునకు ముఖ్యార్థము. ఈ ముదుసలి యెవరికంటె వృద్ధురాలు? దారిప్రక్క చెట్టుక్రింద నామెకు దోడు ఈగలు, కుక్క, తొండ. మనుష్యుడు లేడు. కవి పోల్పునకు దెచ్చినది శవమును. అదియు నీమెకంటె మేలనెను. తారతమ్యము జీవులను దాటి మృతులదాక బోయినది.

శీర్షిక సంస్కృతము, కావ్యశరీరము వాడుకభాష. ఇది యనౌచిత్యమని కొంద ఱాక్షేపింపవచ్చును. నా మతమున నౌచిత్యమే. ఊరు ‘ముష్టిది’ యని పిలుచు నామెకు కవి పండితభాషలో గౌరవనామ మొసగెను.

జబ్బును, రానున్న చలిని కవి చెప్పెను. ఆమెను నిలువనీడ లేనిదానినిగా జేసినవారిని జెప్పలేదు. ఖండికయందు గాలి యడుగు ప్రశ్న షష్ఠ్యర్థకము: ఆ పాపము ఎవరికి జెందును? కర్తను బేర్కొన్నచో దోష మొక్కనిపై బడి చదువరి విముక్తుడగును. సంబంధమును మాత్రమే యడుగుటచే నందఱము సంబంధులమైతిమి. కావున నీ యనుక్తి దోషము గాదు, గుణము.

2011 జనగణనలో భారతదేశమున ఇల్లు లేనివారు 17 లక్షలకు పైబడిరి. బైలదిల్లా ఇనుపఖనిజము మా కొత్తవలస కూడలి మీదుగా రేవునకు సాగుచున్నది. ఊరిపేరిటనే వలస యున్నది: వలసవచ్చి నిలువగలిగినవారికి ఊరు, నిలువలేనివారికి చెట్టునీడ. బడిపండితులు అలంకారములతో బాటు ఆ షష్ఠిని గూడ విద్యార్థులకు వ్యాఖ్యానింతురు గాక.