గోరటి వెంకన్న పల్లెపాట: అభివృద్ధి, అసమానత

కీలకపదాలు: గోరటి వెంకన్న, పాలమూరు, నల్లగొండ, ప్రపంచీకరణ, అసమానత, వలస.

1. ప్రవేశిక

ఆర్థికవృద్ధి పేదరికాన్ని తగ్గిస్తుందన్న మాట అర్ధసత్యం. ఆదాయ అసమానతలు ఎక్కువగా ఉన్న దేశాలలో వృద్ధి ఫలం పేదలకు తక్కువగా అందుతుందని ఆర్థికవేత్త మార్టిన్ రావల్యన్ 1997లో వాదించాడు. ఇందుకు కారణాలను పల్లె స్థాయిలో వెతకడానికి పాలమూరు కవి గోరటి వెంకన్న పాట ఒక దారి చూపుతుంది. 'కుబుసం' (2002) చిత్రం ద్వారా ప్రసిద్ధమైన, పల్లె కన్నీటిని గానం చేసిన ఈ పాటను సాధారణంగా ప్రపంచీకరణ వ్యతిరేక గీతంగా పరిగణిస్తారు. ఆ అన్వయం సరైనదే కాని, సంపూర్ణం కాదు.

2. వృత్తుల పతనం

పాటలో ప్రధానంగా కనిపించేది కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, సాలె వృత్తుల విధ్వంసం. ఈ వృత్తులలో చాలావాటికి ఆధారం రైతులు పంట చేతికొచ్చినప్పుడు కొలిచి ఇచ్చే ధాన్యం. అంటే వృత్తికారుల బతుకు భూమిగలవారి అవసరాలపై ఆధారపడింది. ఫ్యాక్టరీ సరుకు చౌకగా దొరికినప్పుడు కొనేవారికి అది సౌకర్యం. సెంటు భూమిలేని కుమ్మరికి జీవనాధారమే పోవడం. ఒకే మార్పు ఇద్దరికి రెండు ఫలితాలిచ్చింది. ఆ తేడాకు మూలం బయటి మార్కెట్ ఒక్కటే కాదు, అంతకుముందే ఊరిలో ఉన్న ఆస్తి పంపకం కూడా.

3. ఏ పల్లె?

పాట శత్రువును ప్రధానంగా ఊరి బయట చూస్తుంది. పల్లెను ఒకే దుఃఖం గల ఒకే దేహంగా భావిస్తుంది. నేల మీద పల్లెలు ఒక్కటి కావు. 1967లో నాగార్జునసాగర్ నీరు విడుదలయ్యాక, ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఎడమకాలువ కింది మిర్యాలగూడ, హుజూర్‌నగర్ ప్రాంతాలు వరిపొలాలయ్యాయి. అదే జిల్లాలోని దేవరకొండ, మునుగోడు మెట్టలు బావులనూ బోర్లనూ నమ్ముకున్నాయి. మెట్టలోనూ అందరూ సమానులు కారు. బోరు ఎండితే మరింత లోతుకు తవ్వించగలవాడు నిలబడతాడు. అప్పు చేసి తవ్వించినవాడు భూమిని అమ్ముకుంటాడు.

కృష్ణ తెలంగాణలోకి ప్రవేశించే పాలమూరుది ఇంకా విషాదకరమైన వైరుధ్యం. ఇక్కడి కూలీలు గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు కట్టుబడి దేశమంతటా ఆనకట్టలు కట్టారు, కాలువలు తవ్వారు. వృద్ధికి శ్రమను ధారపోసినవారికి ఆ నీటి మీద హక్కు రాలేదు. ముందే పుచ్చుకున్న అడ్వాన్సు వారి కూలి బేరమాడే శక్తిని హరించింది.

4. ముగింపు

పల్లెను ఒక్కటిగా చూడడమే పాటకు బలం. ఆ ఏకత్వం వల్లనే అది సామూహిక గొంతుగా మారింది. దాని పరిమితి కూడా అక్కడే ఉంది. భూమి, నీరు, పరపతి ఎవరి చేతుల్లో ఉన్నాయో చెప్పకుండా పల్లె కన్నీటిని వివరించడం, వృద్ధిరేటు ఒక్కదానితో పేదరికాన్ని వివరించడం ఒకే లోపానికి రెండు రూపాలు. మొదటిది నష్టాన్నీ రెండవది లాభాన్నీ అందరికీ సమానంగా పంచి చూపుతాయి. పాట చెప్పిన దుఃఖాన్ని స్వీకరిస్తూనే అది ఎవరికెంత పంచబడిందో అడగడం విమర్శ బాధ్యత.