పేరులో లేని గాలి

కళ్ళంలో ధాన్యం తూర్పారపట్టేటప్పుడు గింజ దగ్గరగా, తాలు కొంత ఎడంగా, ఊక మరింత దూరంగా పడుతుంది. నేలల విషయంలో గాలి చేసే పని కూడా సరిగ్గా ఇదే. ముతక ఇసుకను, గులకను కదిలించలేక అది ఉన్నచోటే వదిలేస్తుంది, సన్న ఇసుకను నేలబారున గెంతిస్తూ కొంత దూరం తీసుకుపోయి దిబ్బగా పోస్తుంది, అంతకంటే సన్నని ఒండ్రు రేణువులను, బంకమన్ను దుమ్మును మాత్రం పైకెత్తి వందల కిలోమీటర్లు మోసుకుపోతుంది. కాబట్టి గాలి పోసిన ఇసుక స్వభావరీత్యా శుభ్రమైన ఇసుకగా, పిడికిట పట్టినా ముద్దకట్టని ఇసుకగా ఉండవలసింది. అయినా ప్రపంచంలో చాలాచోట్ల గాలి పరచిన నిక్షేపాల మీదే మనిషి నిలువు లోతుకు మించిన గరప నేలలు ఏర్పడి ఉన్నాయి. తెలుగు వ్యవసాయ గ్రంథాలు గరప అని పిలిచేది ఇసుక, ఒండ్రు, బంకమన్ను మూడూ తగుపాళ్ళలో కలిసి, ఏ ఒక్కటీ తన గుణాన్ని పూర్తిగా చూపించలేని మట్టిని. తూర్పారపట్టి వేరుచేసిన ఇసుకలోకి బంకమన్ను తిరిగి ఎలా చేరిందన్నది ఈ నేలలను చదివేవారు ముందుగా ఎదుర్కోవలసిన ప్రశ్న.

ఈ ప్రశ్నను పరిశీలించడానికి అమెరికాలో టెక్సస్ రాష్ట్రపు పడమటి భాగం నుంచి న్యూ మెక్సికో తూర్పు భాగం దాకా పరుచుకున్న ల్యానో ఎస్టకాడో అనే మైదానం కంటే అనువైన చోటు అరుదు. దాదాపు బల్లపరుపుగా ఉండే ఈ ఎత్తైన మైదానం మీద దుప్పటిలా కప్పి ఉన్న గాలి నిక్షేపాలను భూవిజ్ఞానులు బ్లాక్‌వాటర్ డ్రా నిక్షేపశ్రేణి అంటారు. వాన్స్ హాలిడే 1989లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం ఈ నిక్షేపాలు ఒక్కసారిగా వచ్చి పడినవి కావు. 14 లక్షల ఏళ్ళకు పైబడిన కాలంలో గాలి కొంత పోయడం, ఆగడం, ఆగిన కాలంలో గడ్డి మొలిచి నేల తయారుకావడం, ఆ నేల మీద గాలి మళ్ళీ పోయడం అనే క్రమం పదేపదే జరిగింది. ఈ మట్టిలో ఎక్కువ భాగం నైరుతి దిక్కున ఉన్న పేకోస్ నది లోయ నుంచి వచ్చింది. తూర్పారబట్టిన గుర్తుగా నైరుతిలో ఇసుక నేలలు, నడుమ గరప నేలలు, ఈశాన్యంలో బంక నేలలు వరుసగా కనిపిస్తాయి. నడిమి భాగంలో, పత్తి విస్తారంగా పండే ప్రాంతంలో ఉన్న ప్రధానమైన నేలకు అక్కడి నేలల సర్వే అమరిల్లో శ్రేణి అని పేరు పెట్టింది. శ్రేణి అంటే వర్గీకరణలో అట్టడుగు మెట్టు, ఒకే విధమైన పొరల వరుస కలిగిన నేలల సముదాయం; ఆ దేశంలో ఇలాంటి శ్రేణులు 20 వేలకు పైగా గుర్తింపు పొందాయి.

ఈ నేలలో రెండు మీటర్ల లోతు గుంట తవ్వి ఒక గోడను నున్నగా చెక్కితే, పైన సుమారు పావు మీటరు మందాన గోధుమ రంగు సన్న ఇసుక గరప, దాని కింద మీటరు దాకా, కొన్నిచోట్ల అంతకు మించి, ఎర్రబారిన ఇసుక బంక గరప, ఆ కింద సున్నంతో తెల్లబారి గులాబీ ఛాయ తేలిన పొర, దానికీ అడుగున మళ్ళీ ఎర్రమట్టి బయటపడతాయి. నేలను వర్ణించే పని, అంటే సర్వే చేసేవారి వృత్తివిద్య, ఈ గోడ ముందు నిలబడి చేసేది. దానికి కావలసిన పరికరాలు తక్కువ. శ్రద్ధ మాత్రం చాలా కావాలి. చారెడు మట్టిని తడిపి ముద్దచేసి, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ నొక్కుతూ రిబ్బనులా సాగదీసినప్పుడు అది ఎంత పొడవు సాగి తెగుతుందన్నదాన్ని బట్టి బంకమన్ను పాలు, అరచేతిలో నీళ్ళతో పల్చన చేసి రుద్దినప్పుడు తగిలే గరుకును బట్టి ఇసుక పాలు అంచనా కడతారు. పై పొర మట్టి రెండున్నర సెంటీమీటర్లు సాగకముందే తెగుతుంది, కింది ఎర్ర పొర మట్టి గరుకు వీడకుండానే అంతకు మించి సాగుతుంది. తర్వాత ప్రయోగశాలలో జల్లెడలతో, నీటిలో రేణువులు అడుగుకు చేరే వేగంతో శాతాలు కొలవవచ్చు; అయినా ఏ పొర ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో నిర్ణయించి అక్కడి మట్టిని సంచిలో వేసేది చెయ్యే కనుక, వేళ్ళకు నేర్పు లేనప్పుడు ప్రయోగశాల ఇచ్చే అంకె ఎంత కచ్చితమైనదైనా తప్పు పొరకు చెందిన అంకె అవుతుంది.

రంగును చెప్పడానికి కూడా ఒక క్రమశిక్షణ ఉంది. ఎరుపు, ఇటుక ఎరుపు, కుంకుమ ఎరుపు అని ఎవరికి తోచినట్టు వారు రాయకుండా, బోస్టన్‌కు చెందిన చిత్రకళా అధ్యాపకుడు ఆల్బర్ట్ మన్సెల్ రూపొందించి 1905లో ప్రకటించిన పద్ధతిని అనుసరించి తయారైన రంగు బిళ్ళల పుస్తకాన్ని మట్టిపెళ్ళ పక్కన పెట్టి పోలుస్తారు. అమరిల్లో ఎర్ర పొర రంగును 5వైఆర్ 4/4 అని రాసినప్పుడు మొదటి భాగం రంగు పసుపు ఎరుపుల నడుమ ఎక్కడుందో, 4 అనే మొదటి అంకె అది ఎంత వెలుతురుగా ఉందో, రెండో అంకె ఎంత గాఢంగా ఉందో తెలుపుతాయి. మట్టి తడిసినప్పుడు రంగు ముదురుతుంది కనుక పొడిగా ఉన్నప్పుడు ఒకసారి, తడిపి ఒకసారి చూసి రెండూ రాస్తారు. తెల్లని పొర మీద పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక చుక్క వేస్తే అది బుసబుస పొంగుతుంది, అందులో సున్నం ఉందనడానికి అంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు. ఎర్ర పొరలోంచి ఒక పెళ్ళను విరిచి భూతద్దం కింద పెట్టినప్పుడు కనిపించేది మాత్రం వీటన్నిటికంటే విలువైనది: ఇసుక రేణువుల చుట్టూ, ఒక రేణువుకూ మరో రేణువుకూ నడుమ వంతెనల్లా, పెళ్ళల పక్కల మీద అలికినట్టు, నిగనిగలాడే సన్నని బంకమన్ను పూతలు.

ఆ పూతలే మొదటి ప్రశ్నకు సమాధానంలో పెద్ద భాగం చెబుతాయి. ఏడాదికి సుమారు 450 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఆ మైదానంలో దిబ్బల కదలిక ఆగి గడ్డి పరుచుకున్న తర్వాత, అదే గాలి పల్చని దుమ్మును ఏటా కొద్దికొద్దిగా తెచ్చి గడ్డి మీద రాల్చింది. ఆ గడ్డి దుమ్మును పట్టి నిలిపింది, వాన దాన్ని ఇసుక సందుల్లోంచి కిందికి దించింది, నీరు ఇంకిపోయి ఆరినచోట బంకమన్ను పూతగా మిగిలింది. దుమ్ముతో వచ్చిన సున్నం నీటిలో కరిగి మరింత లోతుకు దిగి, వాన తడి సాధారణంగా ఆగిపోయే మట్టంలో గడ్డకట్టింది. కొంత బంకమన్ను ఇసుకలోని ఖనిజాలు అక్కడికక్కడే శిథిలమై పుట్టినది కూడా కావచ్చు; అయితే పూతల సాక్ష్యం బట్టి చూస్తే కిందికి దిగిన బంకమన్ను పాత్రను ఎవరూ తోసిపుచ్చలేరు. గాలి విడదీసినదాన్ని గాలీ వానా కలిసి వేల ఏళ్ళ మీద తిరిగి కూర్చాయన్నమాట. సున్నపు పొరకు అడుగున కనిపించే ఎర్రమట్టి ఇంతకుముందటి విరామంలో ఇదే విధంగా తయారై, తర్వాత వచ్చిన ఇసుక కింద పూడిపోయిన పాత నేల.

ఇక వర్గీకరణ. అమెరికా నేలల వర్గీకరణ విధానంలో అమరిల్లో నేల పూర్తి పేరు ఫైన్‌లోమీ, మిక్స్‌డ్, సూపర్ యాక్టివ్, థర్మిక్ ఎరిడిక్ పేలియుస్టాల్ఫ్. మొదటిసారి వింటే నోరు తిరగని ఈ పేరును తెలుగు పాఠకులు తత్పురుష సమాసంలా విడదీసి చదవడం మేలు, ఇక్కడ కూడా ప్రాధాన్యం ఉత్తరపదానిదే. చివరనున్న ‘ఆల్ఫ్’ ఇది ఆల్ఫిసాల్ అనే వర్గానికి చెందినదని చెబుతుంది. అంటే పై పొర నుంచి దిగిన బంకమన్ను చేరి బలపడిన పొర ఒకటి ఉందనీ, కాల్షియం, మెగ్నీషియం వంటి క్షారాలు పూర్తిగా కడిగివేతకు గురికాకుండా, మట్టి రేణువులు పోషకాలను పట్టి ఉంచే స్థానాల్లో కనీసం 35 శాతంలో నిలిచి ఉన్నాయనీ అర్థం. బంకమన్ను బలపడిందని ఊరికే అనడానికి వీల్లేదు: పై పొరలో అది 15 నుంచి 40 శాతం మధ్య ఉంటే కింది పొరలో కనీసం దానికి 1.2 రెట్లు ఉండాలన్నది నియమం. దానికి ముందున్న ‘ఉస్ట్’ కాలిన అని అర్థమిచ్చే లాటిన్ మాట నుంచి వచ్చి, తేమ పరిమితమే అయినా పైరు పెరిగే కాలంలో కొంత అందే నేలను సూచిస్తుంది. ‘పేలి’ ప్రాచీనమని అర్థమిచ్చే గ్రీకు మాట. ఒకటిన్నర మీటరు లోతు వరకు బంకమన్ను పాలు గరిష్ఠ స్థాయి నుంచి ఐదో వంతైనా తగ్గకపోవడం ఈ ప్రాచీనతకు ముఖ్యమైన గుర్తు. ‘ఎరిడిక్’ పొడి వైపు మొగ్గును, ‘థర్మిక్’ నేల సగటు ఉష్ణోగ్రత 15 నుంచి 22 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండి వేసవికీ శీతకాలానికీ స్పష్టమైన తేడా ఉండడాన్ని, ‘ఫైన్‌లోమీ’ బంకమన్ను 18 నుంచి 35 శాతంలోపు ఉండడాన్ని తెలుపుతాయి. ‘మిక్స్‌డ్’ అంటే ఏ ఒక్క ఖనిజమూ ఆధిపత్యం వహించలేదని, ‘సూపర్ యాక్టివ్’ అంటే ఆ కొద్దిపాటి బంకమన్నుకే పోషకాలను పట్టి ఉంచే శక్తి మెండుగా ఉందని. గై స్మిత్ నాయకత్వంలో 1950లలో రూపుదిద్దుకుని, 1960లో ఏడవ ముసాయిదాగా వెలువడి, 1975లో గ్రంథమైన ఈ విధానానికి పేర్లు కూర్చడంలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ప్రాచీన భాషల ఆచార్యుడు జాన్ హెల్లర్ సాయపడ్డాడు; మట్టి శాస్త్రానికి వ్యాకరణవేత్త అవసరపడిన ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా సంతోషం కలిగించేది.

ఇంత పొడవైన పేరులో గాలి ఎక్కడా లేదు. ఈ లోటు పొరపాటున వచ్చింది కాదు. అంతకుముందు తరాల వర్గీకరణల్లో చాలావరకు నేలను దాని మూలపదార్థాన్ని బట్టి, గాలి తెచ్చినది, ఏరు తెచ్చినది, రాయి చివికి అయినది అని విభజించేవారు. రష్యాలో దొకుచాయెవ్, అమెరికాలో మార్బట్ వంటి నేల శాస్త్రజ్ఞులు నేలను దాని సొంత పొరలను బట్టే చూడాలని పట్టుబట్టిన తర్వాత దృష్టి మారింది. మూలం ఊహించేది, పొర కనిపించేది; ఊహ మారితే పేరు మారకూడదు. ఇందువల్ల కలిగే ప్రయోజనం తెలంగాణకు వచ్చి చూస్తే స్పష్టంగా తెలుస్తుంది. సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరులో ఇక్రిశాట్ క్షేత్రంలోని ఎర్రనేలలు, స్థానికులు చెల్క అని పిలిచే రకానికి చెందినవి, గ్రానైటు, నైస్ శిలలు చివికి ఏర్పడ్డాయి; వాటి పుట్టుకలో టెక్సస్ గాలికి ఏ పాత్రా లేదు. అయినా అవీ ఉస్టాల్ఫ్‌లే, ఎరుపు ముదురు కనుక రోడుస్టాల్ఫ్‌లు. పుట్టుక వేరైనా పైన తేలిక మట్టి, కింద బంక చేరిన ఎర్ర పొర, అరకొర తేమ అనే మూడు లక్షణాలూ ఒకటే కావడంతో, నీటి నిలవ గురించి, పైపొర గట్టిపడడం గురించి ఒకచోట నేర్చిన పాఠాన్ని రెండోచోట కనీసం పరీక్షించి చూడడానికి వీలు కలుగుతుంది. విశాఖపట్నం, భీమునిపట్నం నడుమ సముద్రతీరాన ఉన్న ఎర్రమట్టి దిబ్బలు పుట్టుక రీత్యా ల్యానో ఎస్టకాడోకు ఇంకా దగ్గరి చుట్టాలు: తీరపు ఇసుకను గాలి పేర్చగా, తర్వాతి కాలంలో రేణువుల మీద ఇనుము ఆక్సైడు పూతకట్టి ఎర్రబారిన దిబ్బలవి. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించిన ఈ దిబ్బలను చూడవచ్చేవారికి గండ్లు పడిన లోయల అందమే కాక, గోడల్లో అడ్డంగా కనిపించే పొరల వరుసను చదివే పద్ధతి కూడా ఎవరైనా చూపిస్తే బాగుండును.

గాలిని పేరులోంచి తీసేయడం సరైనదే గాని, నేలలోంచి తీసేయడం ఎవరి తరమూ కాదు. ఇసుక బంక గరప పొర మీటరు లోతుకు సుమారు 140 మిల్లీమీటర్ల నీటిని పైరుకు అందేలా దాచగలదు, శుభ్రమైన ఇసుక అందులో సగం దాచడమే కష్టం. పత్తికి ఆ నేల నచ్చడానికి కారణం ఇదే. అయితే గడ్డిని దున్నివేసి పత్తి వేసినచోట, వసంతకాలపు గాలులకు పై పొరలోని సన్న ఇసుక మళ్ళీ లేచి లేత మొక్కల కాండాలను గీరుకుపోతుంది. 1935 ఏప్రిల్ 14న అమరిల్లో పట్టణాన్ని కూడా చీకటి చేసిన ధూళి తుఫాను, ఆ నెలలోనే నేల కోత నివారణకు పాటుపడిన హ్యూ బెనెట్ కృషి ఫలితంగా అమెరికా కాంగ్రెస్ ఆమోదించిన నేలల పరిరక్షణ చట్టం అందరికీ తెలిసినవే. ఇప్పటికీ అక్కడి రైతు వాన వెలిసిన వెంటనే, పైమట్టి ఆరి ఎగరకముందే, శాండ్ ఫైటర్ అనే పనిముట్టును పొలం మీద తిప్పి నేలను గడ్డలు గడ్డలుగా రేపుతాడు.

ఎగిరిన ప్రతిసారీ తూర్పార మళ్ళీ జరుగుతుంది: బంకమన్ను, ఒండ్రు, సేంద్రియ పదార్థం దూరం పోతాయి, ఇసుక పొలం గట్ల వెంబడి, కంచెల మొదట్లో పేరుకుంటుంది. అలా పేరుకున్నచోట పై పొర ఇసుక గరప కాక గరప ఇసుకగానో, వట్టి ఇసుకగానో మారిపోతుంది. బంక చేరిన పొర మీద అలాంటి ఇసుక మందం 50 సెంటీమీటర్లు దాటిందంటే వర్గీకరణ ఆ నేలను అమరిల్లో శ్రేణిలో ఉంచదు. నైరుతి వైపున్న బ్రౌన్‌ఫీల్డ్ శ్రేణి నేలకు ఉన్నట్టే, ఇసుక అని అర్థమిచ్చే ‘ఎరీనిక్’ అనే మాట పేరు ముందు వచ్చి చేరుతుంది. అందుకే ఆ మైదానంలో సర్వే చేసేవారు పొలం నడుమ ఒక గుంటతో సరిపెట్టుకోకుండా, కంచె పక్కన కూడా మట్టిని తొలిచి తీసే ఆగర్ దించి, ఎర్రమట్టి ఎంత లోతున తగిలిందో సెంటీమీటర్లలో రాసుకుంటారు.