ఏ పని తాలూకు?

బ్యాంకు ఖాతా చూసి కాంట్రాక్టరు పరిస్థితి చెప్పలేం. పన్నెండు లక్షలు నిల్వ ఉన్న రోజునే అతను చేస్తున్న పని నష్టంలో నడుస్తూ ఉండొచ్చు. సిమెంటు కొట్లో బాకీపడి, శనివారం బట్వాడాకు చేబదులు కోసం తిరుగుతున్న వారంలోనే పని మంచి లాభంలో ఉండొచ్చు. ఒక పనికి వచ్చిన బిల్లు ఇంకో పనికి ఐరన్ అవుతుంది, మూడో పనిలో మేస్త్రీకి అడ్వాన్సు అవుతుంది. ఏ డబ్బు ఎక్కడ పుట్టి ఎక్కడ కరిగిందో ఆరు నెలలు పోయాక ఎవరికీ గుర్తుండదు. ఈ వ్యాపారానికి లెక్కలు రాయడం మొదలుపెట్టాక నాకు అన్నిటికన్నా ముందు అర్థమైంది ఇదే.

మా తమ్ముడు గోదావరి జిల్లాల్లో చిన్న కాంట్రాక్టరు. సీసీ రోడ్లు, డ్రెయిన్లు, బడికి అదనపు గదులు, మధ్యలో ఎవరిదో ఒక ఇల్లు. వాడి లెక్కలు రాసే గుమాస్తా గారు వయసు మీదపడి మానుకున్నాక ఆ పని నేను తీసుకున్నాను. ఆయన చిట్టా, ఆవర్జా చేత్తో రాసేవారు. ఏడాది చివర ఆడిటరు గారి ఆఫీసులో ఎవరో కూర్చుని వాటిని కంప్యూటర్లోకి ఎక్కించేవారు. ఇప్పుడు నెలనెలా జీఎస్టీ రిటర్నులు వేస్తూ అలా ఏడాదికోసారి ఎక్కించుకోవడం కుదరదు. అందుకని నేరుగా టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లోనే రాయడం నేర్చుకుంటున్నాను.

టాలీ పుట్టుక కథ నాకిష్టం. 1980లలో శ్యామ్‌సుందర్ గోయెంకా మిల్లులకు ముడిసరుకు, యంత్రాల విడిభాగాలు సరఫరా చేసేవారు. తన లెక్కలకు సరిపడే సాఫ్ట్‌వేర్ బజార్లో దొరకలేదు. గణితం చదువుకున్న కొడుకు భరత్‌ను రాయమన్నారు. 1986లో బెంగళూరులో సంస్థ మొదలైంది. భరత్ గోయెంకాకు 2020లో పద్మశ్రీ వచ్చింది, అదే ఏడాది టాలీ కొత్త రూపం టాలీప్రైమ్ కూడా వచ్చింది. టాలీ సరుకు కొని సరుకు అమ్మే ఇంట్లో పుట్టింది కాబట్టి దాని ఎముకల్లో ఆ వ్యాపారమే ఉంది. కట్టుబడి పనులు చేసేవాడు దాన్ని తన కొలతకు కుట్టించుకోవాలి. నేర్చుకోవడంలో కష్టమంతా ఆ కుట్టించుకోవడంలోనే ఉంది, మీటల్లో లేదు.

మీటలు తేలికే. ఎఫ్4 కాంట్రా, ఎఫ్5 చెల్లింపు, ఎఫ్6 వసూలు, ఎఫ్7 జర్నల్, ఎఫ్8 అమ్మకం, ఎఫ్9 కొనుగోలు. కొద్ది రోజుల్లో వేళ్ళకు అలవాటైపోతాయి. చిన్న ఊళ్ళలో బస్టాండు దగ్గర కనిపించే కంప్యూటరు సెంటర్లలో పిల్లలకు నేర్పేది చాలావరకు ఇదే. అక్కడ ఇచ్చే అభ్యాసాల్లో వ్యాపారి ఫ్యాన్లు కొంటాడు, ఫ్యాన్లు అమ్ముతాడు, చివర్లో బ్యాలెన్స్ షీట్ కుదురుతుంది. మా వ్యాపారంలో అమ్మకం అంటే ఏమిటి? అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) సైటుకొచ్చి కొలతలు తీసి ఎం బుక్కులో, అంటే కొలతల పుస్తకంలో రాయాలి, పై అధికారి డీఈ చెక్ మెజర్‌మెంట్ చేయాలి, బిల్లు పైకి వెళ్ళాలి, పాసవ్వాలి. అప్పుడు కూడా ముందు వచ్చేది పార్ట్ బిల్లే. ఈ గొలుసు ఏ అభ్యాసంలోనూ ఉండదు. కామర్స్ చదివిన పిల్ల కాంట్రాక్టరు ఆఫీసులో చేరి మొదటి వారం తెల్లమొహం వేస్తే తప్పు ఆ పిల్లది కాదు.

డెబిట్, క్రెడిట్‌ల దగ్గర ఒక్క చిక్కు మాత్రం చెప్పాలి, ఎందుకంటే చాలామంది అక్కడే ఆగిపోతారు. మన ఖాతాలో డబ్బు పడితే బ్యాంకు పాస్‌బుక్కులో క్రెడిట్ అని ఉంటుంది, టాలీలో అదే డబ్బుకు బ్యాంకును డెబిట్ చేయాలి. ఇందులో వైరుధ్యం లేదు. పాస్‌బుక్కు బ్యాంకు రాసుకున్న పుస్తకం, అందులో మనం బ్యాంకుకు అప్పిచ్చినవాళ్ళం. టాలీలో ఉన్నది మన పుస్తకం, ఇందులో బ్యాంకు మనకు బాకీ. ఎవరి పుస్తకం చదువుతున్నామో గుర్తుంటే చాలు.

ఇక అసలు సంగతి. టాలీలో కాస్ట్ సెంటర్ అని ఒక ఏర్పాటు ఉంది. ఎఫ్11 నొక్కి దాన్ని తెరుచుకోవాలి, తెరవకపోతే కనిపించదు. మేం ప్రతి పనికీ ఒక కాస్ట్ సెంటర్ పెట్టుకున్నాం: ఫలానా ఊరి సీసీ రోడ్డు, ఫలానా బడి గదులు, ఫలానా వారి ఇల్లు. అప్పటినుంచి ఏ ఖర్చు వోచరు రాసినా, సేవ్ అయ్యేలోపు అది ఏ పని తాలూకు అని అడుగుతుంది. కంకర లోడు వచ్చింది, ఏ పని తాలూకు? వైబ్రేటరు బాగుచేయించాం, ఏ పని తాలూకు? ట్యాంకరుకు డీజిల్ పోయించాం, అది ఉదయం రోడ్డు క్యూరింగుకు, సాయంత్రం ఇంటి స్లాబుకు నీళ్ళు తోలింది. దాన్ని ఎలా పంచాలి?

ఈ ప్రశ్నకు ఆఫీసులో కూర్చుని జవాబు చెప్పలేను. సైటులో ఉన్నవాళ్ళు చెప్పాలి, అదీ అదే రోజున. రాత్రి ఫోన్లో తమ్ముడు చెప్పేవి రాసుకోవడం మొదట్లో వాడికి విసుగు పుట్టించింది. "అన్నీ మన డబ్బులే కదక్కా, ఎక్కడ రాస్తే ఏముంది?" అనేవాడు. మొత్తం లాభనష్టాలకు ఏమీ తేడా రాదు, ఆ మాట నిజం. కానీ ఆ మొత్తం ఏడాదికి ఒకసారి, ఆడిటరు గారికీ ఆదాయపు పన్ను శాఖకూ పనికొస్తుంది. కాంట్రాక్టరుకు పనికొచ్చేది పని వారీ లెక్క. నాలుగు పనుల్లో మూడు మిగిల్చి ఒకటి తినేస్తుంటే మొత్తం లెక్కలో అదంతా కలగలిసిపోయి లాభంలాగే కనిపిస్తుంది. ఆ ఒక్క పని ఏదో తెలియకపోతే మళ్ళీ అలాంటి దానికే టెండరు వేస్తాం.

రెండో పాఠం బిల్లు. ప్రభుత్వ పని బిల్లును ఎఫ్6 నొక్కి వచ్చిన మొత్తం రాసేసి వసూలుగా ముగించకూడదు. లెక్క చూడండి. పని విలువ 10,00,000 అనుకుందాం. జీఎస్టీ 18 శాతం, 1,80,000. మొత్తం బిల్లు 11,80,000. ఇందులో ఆదాయపు పన్ను టీడీఎస్ పని విలువ మీద 1 శాతం, 10,000 కోస్తారు. సొంత పేరుమీద పనిచేసే కాంట్రాక్టరుకు ఇది 1 శాతం, కంపెనీలకూ భాగస్వామ్య సంస్థలకూ 2 శాతం. ఒప్పందం రెండున్నర లక్షలు దాటితే జీఎస్టీ టీడీఎస్ 2 శాతం, 20,000. ఇది 2018 అక్టోబరు 1 నుంచి ఉంది. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ సెస్సు 1 శాతం, 10,000. ఒప్పందం ప్రకారం పట్టి ఉంచే డిపాజిట్టు 5 శాతం అనుకుంటే 50,000. బ్యాంకులో పడేది 10,90,000. సీనరేజి (ఇసుక, కంకర లాంటి ఖనిజాల మీద రుసుము) లాంటివి ఇంకా లెక్కలోకి తీసుకోలేదు.

కోసిన ఆ 90,000 అంతా ఒక జాతి కాదు. టీడీఎస్ పది వేలు మనవే, రిటర్ను వేసినప్పుడు పన్నులో సర్దుకుంటాయి. కాబట్టి అది ఆస్తి. జీఎస్టీ ఇరవై వేలు పోర్టల్లో మనం అంగీకరించాక మన నగదు లెడ్జర్లోకి వస్తాయి, పన్ను కట్టడానికి వాడుకోవచ్చు. అదీ ఆస్తే. సెస్సు పది వేలు తిరిగి రావు, అది ఆ పని ఖర్చు. డిపాజిట్టు యాభై వేలు లోపాల బాధ్యతా కాలం తీరాక తిరిగొచ్చే సొమ్ము. దానికి ఏ పని, ఏ ఒప్పందం, గడువు ఎప్పుడు అన్నీ రాసి విడి లెడ్జరు తెరవాలి. ఇంకో మాట. చేతికొచ్చిన 10,90,000లోనే జీఎస్టీ 1,80,000 కలిసి ఉంది. సిమెంటు, ఐరన్ కొన్నప్పుడు కట్టిన పన్ను, కోసిన ఇరవై వేలు అందులో తగ్గించుకుని మిగిలింది కట్టాలి. దాన్ని మన డబ్బనుకుని మరో సైటులో పెట్టేస్తే నెల తిరిగాక ఇరవయ్యో తారీఖుకు చిక్కుకుపోతాం.

డిపాజిట్ల సంగతి మీద నాకు పట్టుదల ఎక్కువ. చిన్న కాంట్రాక్టర్లు పోగొట్టుకునే డబ్బు దొంగలు ఎత్తుకుపోయేది కాదు, అడగడం మరిచిపోయేది. పని అయిపోయింది, ఫైనల్ బిల్లు వచ్చింది, అందరూ మరో ఊరు వెళ్ళిపోయారు. గడువు తీరినట్టు ఎవరూ ఉత్తరం రాయరు. ఆఫీసులో అధికారులు మారుతుంటారు. వచ్చిన మొత్తాన్నే అమ్మకంగా రాసేసిన పుస్తకంలో ఆ యాభై వేలు అసలు పుట్టనే లేదు, ఇక అడిగేదెవరు? పుస్తకంలో పేరుతో సహా నిలబెడితే ప్రతి మార్చిలోనూ బ్యాలెన్స్ షీట్‌లో కనిపించి అడగమని గుర్తుచేస్తుంది.

సరుకు విషయంలో టాలీలోని గోడౌన్ ఏర్పాటును సైటు పేరుతో వాడుకుంటున్నాం. ఒక సైటు నుంచి ఇంకో సైటుకు నలభై బస్తాల సిమెంటు తోలితే స్టాక్ జర్నల్ రాయాలి. ఇసుక, కంకరకు మాత్రం ఇంత కచ్చితంగా పట్టుకోవడం లేదు. కుప్పలో ఎంత మిగిలిందో కళ్ళతో చూసి చెప్పాల్సిందే, ట్రాక్టరు లెక్కన దిగగానే ఆ పని ఖర్చులో రాసేయడం మేలని నా అభిప్రాయం. సిమెంటు, ఐరన్ వేరు. అవి డబ్బుతో సమానం, సైటులో చెయ్యి మారేవీ అవే. 2025 సెప్టెంబరు 22న సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగినప్పుడు ఐటమ్ మాస్టర్లలో ఆ తేదీతో రేటు మార్చుకోవాల్సి వచ్చింది. పాత బిల్లు పాత రేటుకే ఉండాలి, కొత్తది కొత్త రేటుకు. తేదీకి ఇంత విలువ ఉంటుందని సైటులో ఉన్నవాళ్ళకు నచ్చచెప్పడం ఆ వారం నా పనైంది.

మేస్త్రీల లెక్క నాకు అన్నిటికన్నా ముఖ్యం. పుస్తకంలో "మేస్త్రీకి 64,000" అని ఒక వరస రాయడం సులువు. ఆ అరవై నాలుగు వేలు ఎవరెవరివి? సెంట్రింగువాళ్ళవి, రాడ్ బెండింగువాళ్ళవి, తట్ట మోసిన ఆడవాళ్ళవి. శ్రీకాకుళం నుంచి, పాలమూరు నుంచి, ఒడిశా నుంచి వచ్చి రేకుల షెడ్లలో ఉంటున్నవాళ్ళవి. మస్టరు ప్రకారం పేరు పేరునా రాస్తే ఎవరికి ఎన్ని రోజుల కూలి అందిందో కనిపిస్తుంది. చట్టం వైపు నుంచి చూసినా అదే మంచిది. ఒకే రోజు ఒకే మనిషికి 10,000 మించి నగదుగా ఇచ్చిన ఖర్చును ఆదాయపు పన్ను లెక్కలో సాధారణంగా ఒప్పుకోరు.

మేస్త్రీ పని గుత్తకు తీసుకుంటే వేరే చిక్కు ఉంది. టర్నోవరు కోటి దాటిన కాంట్రాక్టరు మరుసటి ఏడాది నుంచి, ఒక చెల్లింపు 30,000 మించినా ఏడాది మొత్తం లక్ష దాటినా, మేస్త్రీ డబ్బులో 1 శాతం టీడీఎస్ పట్టుకోవాలి. అతనికి పాన్ కార్డు లేకపోతే 20 శాతం పట్టుకోవాలి. ఐదు లక్షల పని చేసిన మనిషికి అది లక్ష రూపాయలు! పట్టుకున్నది మరుసటి నెల ఏడో తారీఖులోగా కట్టి, అతనికి సర్టిఫికెట్టు ఇస్తే, పన్ను పడేంత ఆదాయం లేని మేస్త్రీ రిటర్ను వేసి ఆ డబ్బు వెనక్కి తెచ్చుకోగలడు. చాలామందికి ఇది తెలియదు. కోత అంటే పోయినట్టే అనుకుంటారు. లెడ్జరు తెరిచేటప్పుడే పాన్ నంబరు అడగడం, లేనివాళ్ళకు తీసిపెట్టడం, సర్టిఫికెట్టు చేతిలో పెట్టి వివరించడం లెక్కలు రాసేవాళ్ళ బాధ్యతేనని గట్టిగా నమ్ముతాను. సాఫ్ట్‌వేర్ అంకె చూపించి ఊరుకుంటుంది, ఆ అంకె అవతల మనిషికి చేరవేయాల్సింది మనమే.

టాలీ తనంతట తాను చేయలేనిది ఒకటుంది. మార్చి 31న బడి గదులకు స్లాబు పడింది, కొలతలు ఇంకా ఎం బుక్కులోకి ఎక్కలేదు. ఖర్చంతా పుస్తకంలో ఉంది, ఆదాయం లేదు. అలా వదిలేస్తే ఆ ఏడాది నష్టం, పై ఏడాది ఊహించని లాభం కనిపిస్తాయి. చేసిన పని విలువను సైటు ఇంజనీరుతో కొలిపించి, ఆడిటరు గారితో మాట్లాడి జర్నల్ రాయాలి. అందుకే మార్చి చివరి వారం ఆఫీసు కన్నా సైటులో ఎక్కువ ఉంటాను. స్లాబు చూడకుండా ఆ ఎంట్రీ రాయాలంటే చేయి ఆడదు.

పాత తేదీల్లోకి వెళ్ళి దిద్దే అలవాటు మీద కూడా ఒక మాట. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పు జాడ నిలవాలని, దాన్ని ఆపే వీలు ఉండకూడదని నిబంధన వచ్చింది. మాది కంపెనీ కాదు, మాకు అది వర్తించదు. అయినా ఎడిట్ లాగ్ ఉన్న టాలీనే వాడుతున్నాం. ఎంట్రీ మార్చాల్సి వస్తే మార్చాం అని కనబడాలి, ఎందుకు మార్చామో నేరేషన్‌లో ఉండాలి. అన్నదమ్ములు, బావమరుదులు కలిసి పనులు చేసే ఇళ్ళలో దీని అవసరం ఇంకా ఎక్కువ.

ఇప్పుడు తమ్ముడు విసుక్కోవడం మానేశాడు. ఈమధ్య ఒక డ్రెయిన్ల పనికి టెండరు వేయాల్సి వచ్చింది. ఇదివరకు అయితే ప్రభుత్వ ధరల పట్టిక ఎస్ఎస్ఆర్‌లో రేట్లు చూసుకుని, పోటీలో ఎవరెవరున్నారో వాకబు చేసి, అంచనాకు ఇంత లెస్ (తక్కువ) వేద్దామని కారులోనే తేల్చేసేవాడు. ఈసారి ల్యాప్‌టాప్ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, "పోయినసారి డ్రెయిన్లలో షట్టరింగుకు ఎంత పడింది, అక్కా? నీళ్ళు తోడటానికి?" అని అడిగాడు. ఆ కాస్ట్ సెంటరు తెరిచాం. మట్టి తవ్వకం అంచనాకు దగ్గరగానే ఉంది. నీళ్ళు తోడే మోటార్లు, డీజిలు, షట్టరింగు పలకల అద్దె కలిసి మిగులును దాదాపు తినేశాయి. వానాకాలంలో పడిన పని అది. కొత్త పని కూడా జులైలోనే మొదలుపెట్టాలి. వాడు అనుకున్న లెస్‌లో సగమే వేశాడు. టెండరు ఇంకొకరికి వెళ్ళింది. ఆ వారమే పక్క మండలంలో సీసీ రోడ్డుకు షెడ్యూలు దించుకుని, పాత రోడ్లు రెండింటి లెక్కా తీసి పెట్టమని ఫోన్ చేశాడు.